నీళ్లలో ఉండగానే చూడాలి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 ముందు వరుసలో మా సైన్సు సారు కూర్చుని ఉన్నారు. సారు ఇవాళ వస్తున్నారని నిన్న రాత్రే తెలిసింది. తెలిశాక, రాసుకున్న ప్రసంగంలో సగం కొట్టేసి మళ్లీ రాసుకున్నాను. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. 

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "రోడ్ల ఇంజనీరువి కదా, నాలుగు ముక్కలు మాట్లాడు, పిల్లలకు అర్థమయ్యేటట్టు మాట్లాడు" అన్నాడు. రోడ్ల ఇంజనీరు ఎక్కడ నోరు తెరిచినా జనం అడిగే ప్రశ్న ఒక్కటే, "గుంతల సంగతేంది సారూ?" అని. పెళ్లికి పోయినా అదే ప్రశ్న, చావుకు పోయినా అదే ప్రశ్న. అందుకని ఇవాళ మీరు అడగకముందే నేనే గుంతల గురించి చెబుతాను.

ముందు ఒక మాట. నిన్న ఉదయం పదకొండు గంటలకు మన సైన్సు గదిలో రెండు గాజు బీకర్లు పెట్టించాను. మా ల్యాబు నుంచి చిన్న వాటర్ బాత్ కూడా తెచ్చాను. ఆ బీకర్లలో డాంబరు పట్టించిన కంకర ఉంది, మీద నీళ్లున్నాయి. ఆ నీళ్లు 40 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉండాలి. ఇప్పుడు పదిన్నర దాటింది. నా మాటలు ముగిసేసరికి గడువు పూర్తవుతుంది. అప్పుడు అందరం వెళ్లి చూద్దాం.

మాది 1986 పదో తరగతి బ్యాచ్. అప్పట్లో మా క్లాసులో చాలామంది నాన్నలు ఇక్కడి పారిశ్రామికవాడలోనో, ఐడీపీఎల్‌లోనో, హెచ్‌ఎంటీలోనో పనిచేసేవాళ్లు. మా నాన్న ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. చింతల్ నుంచి షాపూర్‌నగర్ మీదుగా నర్సాపూర్ వైపు పోయే రోడ్డు మా ఆటస్థలం, మా సినిమా, మా సర్వస్వం. ఆ రోడ్డు మీద డాంబరు వేస్తున్నారంటే చాలు, బడి వదలగానే అక్కడ వాలిపోయేవాళ్లం. రోడ్డు పక్కన కట్టెలు పెట్టి డ్రమ్ములో డాంబరు కాచేవారు. కాళ్లకు గోనె పట్టాలు చుట్టుకున్న మనుషులు ఆ పొగలోనే తిరుగుతుండేవాళ్లు. ఆడవాళ్లు తట్టలతో కంకర మోసి పోసేవాళ్లు. వెనక నుంచి రోలర్ వచ్చేది. ఇంటికి పోయేసరికి చెప్పులకు డాంబరు అంటుకుని ఉండేది. అమ్మ తిట్టుకుంటూ గ్యాసునూనె పోసి రుద్దితే తప్ప ఊడేది కాదు.

అదే రోడ్డు మీద ఆగస్టు వచ్చేసరికి కంకర లేచి గుట్టలుగా అంచున పడి ఉండేది. చేతిలోకి తీసుకుంటే రాయి కడిగినట్టు శుభ్రంగా, బూడిద రంగులో ఉండేది. డాంబరు ఆనవాలు కూడా ఉండేది కాదు. అప్పుడు నాకొక ప్రశ్న పుట్టింది. చెప్పుకు అంటితే గ్యాసునూనె పోస్తే గాని వదలని డాంబరు, కంకరను ఒక్క వానాకాలానికే ఎట్లా వదిలేసింది?

నేను చేస్తున్న ఉద్యోగం మొత్తం ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

జవాబు మన ఊరి రాతిలోనే ఉంది. హైదరాబాద్ చుట్టూ గుట్టలన్నీ గ్రానైటే. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటి రాయి. గాజులరామారం వైపు గుట్టలు ఎక్కి ఆడుకున్నవాళ్లం మనం, ఆ రాయి గట్టితనం మన మోకాళ్లకు బాగా తెలుసు. బరువు మోయడంలో దానికి తిరుగులేదు. కానీ దానిలో ఎక్కువ భాగం సిలికా. సిలికా ఎక్కువున్న రాతిని ఆమ్ల స్వభావం గల రాయి అంటారు. అట్లాంటి రాయికి నీళ్లంటే ప్రాణం. రాతి ఉపరితలం మీద ఉండే విద్యుదావేశం నీటి అణువును లాగి పట్టుకుంటుంది. డాంబరు ముడి చమురును శుద్ధి చేయగా అడుగున మిగిలే పదార్థం, నూనె జాతి. చుట్టరికంలో చెప్పాలంటే గ్రానైటుకు నీళ్లు మేనమామ, డాంబరు దూరపు చుట్టం. మేనమామ రానంతసేపు దూరపు చుట్టం పీట మీద కూర్చుంటాడు. మేనమామ గుమ్మంలోకి రాగానే లేచి చోటియ్యాల్సిందే.

మన పాత తరగతి గదుల్లో పరిచిన తాండూరు బండ గుర్తుందా? అది సున్నపురాయి. నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది, ఎందుకంటే అది క్షార స్వభావం గల రాయి. డాంబరులో కొద్దిగా ఆమ్లాలుంటాయి. అవి సున్నపురాతిలోని కాల్షియంతో కలిసి నీటిలో కరగని బంధం వేసుకుంటాయి. అందుకే సున్నపురాతిని డాంబరు గట్టిగా పట్టుకుంటుంది. గ్రానైటుతో వేసుకునే బంధం నీళ్లు తగిలితే సడలిపోతుంది. మరి రోడ్లన్నీ తాండూరు రాయితో వేయొచ్చు కదా అని పిల్లలు అడగొచ్చు. లారీల బరువుకు, అరుగుదలకు గ్రానైటు నిలిచినట్టు పరుపు బండ నిలవదు. పైగా ఏ ఊరి రోడ్డుకు ఆ ఊరి రాయే వాడాలి, లేకపోతే రవాణా ఖర్చుకే ఇల్లు అమ్ముకోవాలి. కాబట్టి మన గ్రానైటుతోనే, మన వానల్లోనే డాంబరును నిలబెట్టుకోవాలి.

నిలబడుతుందో లేదో రోడ్డు వేయకముందే తెలుసుకునే పరీక్ష ఒకటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 6241, 1971లో వచ్చింది. అంటే దాదాపు నా వయసుదే. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. 20 మిల్లీమీటర్ల జల్లెడలో దిగి, 12.5 మిల్లీమీటర్ల జల్లెడ మీద ఆగిన కంకర 200 గ్రాములు తీసుకోవాలి. పొడిగా, శుభ్రంగా ఉండాలి. దాన్ని 150 డిగ్రీలకు వేడి చేయాలి. రాతి బరువులో 5 శాతం, అంటే 10 గ్రాముల డాంబరును 160 డిగ్రీలకు వేడి చేసి, ప్రతి రాయికీ నల్లగా పట్టేదాకా కలపాలి. బీకరులో వేసి చల్లారనిచ్చి, మునిగేదాకా స్వేదన జలం పోయాలి. 40 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాలి. తర్వాత బయటికి తీసి చల్లారనిచ్చి, రాళ్లు ఇంకా నీళ్లలో ఉండగానే, ఎంత మేర డాంబరు ఊడిపోయిందో కంటితో చూసి చెప్పాలి. కనీసం 95 శాతం పూత మిగలాలి అంటాయి మన జాతీయ రహదారుల నిబంధనలు.

కంటితో చూసి! ఇంజనీరింగులో ఇంత ముఖ్యమైన లెక్క కంటి మీద ఆధారపడటం కొత్తగా చేరినప్పుడు నాకు వింతగా ఉండేది. 200 గ్రాములంటే ఆ సైజు రాళ్లు సుమారు పాతిక ముప్పై వస్తాయి. 5 శాతం అంటే ఒకటిన్నర రాయి అంత చర్మం. ఆ ఒకటిన్నర రాయి దగ్గరే రోడ్డు పాసా ఫెయిలా తేలుతుంది. అది మీటరు చెప్పదు, కాగితం చెప్పదు. చూసే మనిషి చెప్పాలి.

ఇక్కడ మా సైన్సు సారు గురించి చెప్పాలి.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు సారు మాతో నీళ్లు మరిగించి, మరిగే ఉష్ణోగ్రత రికార్డులో రాయమన్నారు. నలుగురికి ఒక థర్మామీటరు. నీళ్లు తుకతుక ఉడుకుతున్నాయి. పాదరసం 98 దగ్గర ఆగింది, ఇంక కదలదు. మేము ఇంకా కాసేపు చూశాం. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పుస్తకంలో 100 అని ఉంది. అందరం 100 అని రాసి రికార్డులు ఇచ్చేశాం. అరవై మంది, అరవై వందలు.

సారు ఒక్కొక్క రికార్డు తిప్పి చూసి బల్ల మీద పెట్టారు. కొట్టలేదు. తిట్టలేదు. మళ్లీ పొయ్యి వెలిగించి, నన్ను పిలిచి, "ఎంతుంది చదువు" అన్నారు. "98 సార్" అన్నాను. "మరి 100 ఎక్కడ చూసినవ్?" అన్నారు. నేను పుస్తకం చూపించాను. అప్పుడు చెప్పారు. హైదరాబాద్ సముద్రానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, పైకి పోయే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, అందుకే ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి అని. "పుస్తకం అబద్ధం చెప్పలేదు, థర్మామీటరూ అబద్ధం చెప్పలేదు. మీరే చెప్పిన్రు. రావలసింది కాదురా, కనబడ్డది రాయి" అన్నారు.

సారూ, అప్పుడు ఆ మాట విని తలూపాను. నా చేతికి నిజంగానే రాయి వచ్చినప్పుడు మాత్రం మరిచిపోయాను.

1998 సంగతి. నాకు ఇరవై ఏడేళ్లు. ఒక కాలనీ రోడ్డు పనిలో నాణ్యత పరీక్షల బాధ్యత నాది. ఆ కాలనీ పేరు, పని చేసిన సంస్థ పేరు చెప్పను. తప్పు వాళ్లది కాదు, నాది. క్రషర్ నుంచి కంకర వచ్చింది. కుప్ప మీద నుంచి నమూనా తెచ్చాను. రాయికి పిండి అద్దినట్టు క్రషర్ దుమ్ము పట్టి ఉంది. ప్రమాణంలో "పొడిగా, శుభ్రంగా ఉన్న కంకర" అని రాసి ఉంది కదా. నేను నమూనాను నల్లా కింద పెట్టి బాగా కడిగాను. ఓవెన్లో ఆరబెట్టాను. డాంబరు పట్టించాను. 24 గంటల తర్వాత చూస్తే నిగనిగలాడుతోంది. 97 అని రాశాను. ఆ 97 అబద్ధం కాదు. నేను చూసింది 97నే.

కానీ రోడ్డు మీద వేసిన కంకరను ఎవరు కడిగారు? ఎవరూ కడగలేదు. దుమ్ముతోనే హాట్ మిక్స్ ప్లాంటులోకి వెళ్లింది. దుమ్ము పట్టిన రాయికి డాంబరు పూస్తే డాంబరు రాయిని కాదు, దుమ్మును పట్టుకుంటుంది. చపాతీ పిండి చల్లిన పీట మీద ముద్ద అంటుకోదు చూడండి, అదే సూత్రం. ఆ దుమ్ము పొరలోకి నీళ్లు దూరితే డాంబరు పొర సంచిలా ఊడి వస్తుంది.

దీనికి నిబంధనలు రాసినవాళ్లు దారి చూపించకపోలేదు. కంకరలో 75 మైక్రాన్ల జల్లెడ దాటే మెత్తటి దుమ్ము 5 శాతానికి మించకూడదని ఇంకో పరీక్ష ఉంది. శుభ్రమైన రాయితో డాంబరు పరీక్ష చేయి, వచ్చే రాయి శుభ్రంగా ఉందో లేదో ఈ పరీక్షతో చూసుకో అని రెండూ జోడెద్దుల్లాగా పెట్టారు. నేను ఒక ఎద్దునే కట్టాను. మొదటి లోడు వచ్చినప్పుడు దుమ్ము పరీక్ష చేసి, సరిగ్గా ఉంటే ఊరుకున్నాను. తర్వాత వచ్చిన లోడ్లకు చేయలేదు. పని తొందర, మేలో ఎండలు, జూన్‌లో వానలొస్తాయన్న భయం. సాకులకేం, ఎన్నైనా చెప్పొచ్చు.

జూన్ చివర్లో వానలు మొదలయ్యాయి. జులైలో రోడ్డు మీద సన్న కంకర లేవడం మొదలైంది. ఆగస్టుకు గుంతలు పడ్డాయి. ఒకరోజు రాత్రి ఒకతను స్కూటర్ మీద పోతూ లేచిన కంకర మీద జారి, గుంతలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆరు నెలలు మంచంలో ఉన్నాడు. మిషన్ మీద నిలబడి చేసే పని అతనిది. కాలు లేకపోతే కూలి లేదు.

ఆ సంగతి నాకు ఎట్లా తెలిసిందంటే, అతను మన బడివాడే. నాకంటే రెండేళ్లు చిన్న. దవాఖానలో ఉన్నాడని ఎవరో చెబితే చూడడానికి పోయాను. ఎక్కడ పడ్డావురా అంటే ఆ కాలనీ పేరు చెప్పాడు. "రోడ్డేసి మూడు నెలలు కాలే అన్నా, ఎవడేసిండో గాని" అన్నాడు. నేను తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి, ఏం మాట్లాడకుండా కూర్చుని వచ్చేశాను.

ఆ మర్నాడు ఆదివారం. ఒక్కడినే ల్యాబు తీయించుకుని రెండు బీకర్లు పెట్టాను. ఒకదానిలో కడిగిన రాయి, ఒకదానిలో కుప్ప మీద నుంచి తెచ్చింది తెచ్చినట్టు దుమ్ము రాయి. అదే డాంబరు, అవే నీళ్లు, అదే వేడి. సోమవారం చూస్తే మొదటి బీకరు నల్లగానే ఉంది. రెండో బీకరులో రాళ్ల అంచులన్నీ బూడిద రంగులో బయటపడి ఉన్నాయి. కొన్ని రాళ్లు సగం తొడుగు విప్పుకున్నట్టున్నాయి. ఎంత దయ చూపించి లెక్కపెట్టినా 70కి మించి రాయలేకపోయాను. ఆ రోజు నాకు తొమ్మిదో తరగతి గది, 98 దగ్గర ఆగిన పాదరసం గుర్తొచ్చాయి. అప్పుడు థర్మామీటరు 98 అంటే నేను 100 రాశాను. ఈసారి రాయి 70 అనేదాన్ని ముందే కడిగేసి 97 అనిపించాను. రెండూ ఒకటే తప్పు. మొదటిసారి లెక్కను మార్చాను, రెండోసారి ఏకంగా రాయినే మార్చాను.

ఇది ఒప్పుకుంటూ మా పై అధికారికి నోట్ రాశాను. ఆ రోడ్డును తవ్వి మళ్లీ వేశారు. నాకు మెమో వచ్చింది. రావలసిందే.

అతనికి మాత్రం చెప్పడానికి పన్నెండేళ్లు పట్టింది. ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తున్నప్పుడు చెప్పాను. అతను చెయ్యి ఆపి కాసేపు నన్ను చూశాడు. "మీ బీకరుల వాన పడలే అన్నా, రోడ్డు మీద పడ్డది" అన్నాడు. తర్వాత, "ఇంకో రెండు గారెలు వేయమనన్నా" అని వడ్డించేవాణ్ని పిలిచాడు. అతనిప్పుడు ఈ హాల్లోనే ఉన్నాడు. ఈ సంగతి చెప్పనా అని పొద్దున అడిగితే, "చెప్పు, పేరు మాత్రం చెప్పకు, మళ్లీ అందరూ కాలు చూపియ్యమంటరు" అన్నాడు.

అతను అన్న మాటలో ఇంజనీరింగు మొత్తం ఉంది. బీకరులో వాన పడదు. నీళ్లు కదలకుండా నిలబడి ఉంటాయి. రోడ్డు మీద అట్లా కాదు. లారీ టైరు ముందు నీళ్లను పగుళ్లలోకి, కంకర మధ్య ఖాళీల్లోకి పిచికారీలా నెడుతుంది, వెనక నుంచి అదే నీళ్లను పీల్చి లాగుతుంది. రోజుకు వేలసార్లు. అందుకే ఐఎస్ 6241 మొదటి గుమ్మం మాత్రమే. అది ఫెయిలైన కంకర పనికిరాదని ఖాయంగా చెప్పొచ్చు, పాసైన కంకర నిలుస్తుందని మాత్రం ఖాయంగా చెప్పలేం.

దాని తర్వాత ఇంకా కఠినమైన పరీక్షలు వచ్చాయి. పూత పట్టిన కంకరను మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి చూసే పరీక్ష ఒకటి. చప్పున తేలిపోతుంది, సైటులోనే చేసుకోవచ్చు. రెండోది మిశ్రమంతో దిమ్మెలు చేసే పరీక్ష. కొన్ని దిమ్మెలు పొడిగా ఉంచుతారు. కొన్నిటి ఖాళీల్లోకి వాక్యూమ్‌తో నీళ్లెక్కించి, 60 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచుతారు. చల్లటి దేశాల్లో పుట్టిన పరీక్ష కాబట్టి మధ్యలో గడ్డకట్టించే దశ కూడా ఉంది. తర్వాత రెండు రకాల దిమ్మెలనూ పక్క నుంచి నొక్కి చీలుస్తారు. పొడి దిమ్మె 100 బలానికి చీలితే, తడి దిమ్మె కనీసం 80 దాకా ఓర్చుకోవాలి. ఇక్కడ కంటితో పని లేదు, యంత్రం అంకె చెబుతుంది. ఇంకొకటి జర్మనీలోని హాంబర్గ్ నగరం పేరుతో పిలిచే చక్రం పరీక్ష. 50 డిగ్రీల వేడినీళ్లలో ముంచిన పలక మీద ఇనుప చక్రాన్ని 20,000 సార్లు తిప్పుతారు. మొదట గాడి నెమ్మదిగా దిగుతుంది. ఒక చోట ఉన్నట్టుండి వేగం పెరుగుతుంది. అక్కడే డాంబరు రాయిని వదిలేసిందన్నమాట.

మన గ్రానైటు శుభ్రంగా ఉంటే మొదటి పరీక్ష సులువుగానే దాటుతుంది. దిమ్మెల పరీక్ష దగ్గరే చాలాసార్లు తడబడుతుంది. అప్పుడు మందు వేయాలి. మందు మన అమ్మమ్మల చేతిలో ఉన్నదే, సున్నం. మిశ్రమం బరువులో ఒకటి రెండు శాతం పొడి సున్నం కలిపితే, అందులోని కాల్షియం గ్రానైటు ముఖానికి సున్నపురాతి గుణం అద్దుతుంది. డాంబరు పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది. రెండో మందు అమీన్ల జాతి రసాయనాలు. డాంబరులో ఒక శాతం లోపే కలుపుతారు. వాటి అణువుకు ఒక కొస రాయిని పట్టుకునేది, ఇంకో కొస డాంబరులో కలిసేది. అయితే వాటిలో కొన్ని వేడి డాంబరులో రోజుల తరబడి ఉంటే గుణం పోగొట్టుకుంటాయి. మందు సీసా మీద పేరు చూసి ఊరుకుంటే చాలదు, వాడే రోజున పరీక్ష చేయాలి.

అన్నిటికంటే పెద్ద మందు మాత్రం నీళ్లను నిలవనీయకపోవడం. 2020 అక్టోబరు మనమెవరం మరిచిపోలేదు. ఫాక్స్ సాగర్ నిండి, ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మనవాళ్లు కొందరు ఆ ఇళ్లలో ఉన్నారు, మన సంఘం తరఫున అన్నం పొట్లాలు తీసుకుపోయాం. నేను నడుముల్లోతు నీళ్లలో నిలబడి కింద ఉన్న రోడ్డు గురించి ఆలోచించాను. వృత్తి జబ్బు, ఏం చేస్తాం. ప్రమాణం అడిగేది 24 గంటలు. ఇక్కడ రోజులు గడిచిపోతున్నాయి. ఎంత మంచి కంకరైనా, ఎంత సున్నం కలిపినా, చెరువు దారిలో రోడ్డు వేస్తే అది రోడ్డు కాదు, బీకరు. నాలా మూసి, చెరువు శిఖం పూడ్చి, తర్వాత డాంబరును తిట్టి లాభం లేదు.

ఇక నేను చెప్పదలచుకున్నది రెండు మాటలు.

మొదటిది మన పూర్వ విద్యార్థులకు. మనలో ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, మందుల కంపెనీల్లో నాణ్యత చూసేవాళ్లున్నారు, ఆడిటర్లున్నారు, టీచర్లున్నారు. అందరి చేతిలోనూ ఏదో ఒక నమూనా ఉంటుంది, ఏదో ఒక గడి నింపాల్సి ఉంటుంది. అబద్ధం రాయమని ఎవరూ మన చెయ్యి పట్టుకోరు. నమూనాను కొంచెం కడగమంటారు, అంతే. కొన్నిసార్లు అడిగేది కూడా మనమే, కడిగేది కూడా మనమే. కాగితం మీద అంతా సరిగ్గా ఉంటుంది. కాలు మాత్రం వేరేవాళ్లది విరుగుతుంది. కాబట్టి కుప్ప మీద ఎట్లా ఉందో అట్లాగే ఒక బీకరు ఎప్పుడూ పక్కన పెట్టుకోండి. 1998 తర్వాత నేను చూసిన ప్రతి పనిలో రెండు బీకర్లు పెట్టాను. ఒకటి నిబంధన కోసం, ఒకటి నిజం కోసం. రెండిటి మధ్య తేడా ఎక్కువైన రోజున పని ఆపమని చెప్పాను. ఆపిన ప్రతిసారీ తిట్లు పడ్డాయి. తర్వాతి ఆగస్టులో ఆ రోడ్ల మీద నడిచి చూసుకున్నప్పుడు ఆ తిట్లు బరువనిపించలేదు.

రెండో మాట పిల్లలకు. ఆ ప్రమాణంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఒక చిన్న నిబంధన. రాళ్లను నీళ్లలో ఉండగానే చూడమంటుంది. ఎందుకో తెలుసా? బయటికి తీసి కదిలిస్తే, ఆరబెడితే, మెత్తటి డాంబరు ఊడిన చోటికి మళ్లీ పాకవచ్చు, రాయి రాయికి రాసుకుని మచ్చలు కప్పుకోవచ్చు. కష్టంలో ఉన్నప్పుడు ఎట్లా ఉందో అదే దాని గుణం. ఆరిపోయాక చూస్తే అన్ని రాళ్లూ నల్లగానే కనబడతాయి. మీరు చేసే ప్రయోగమైనా, వేసే లెక్క అయినా, నీళ్లలో ఉండగానే చూడండి. కనబడ్డది రాయండి. 98 కనబడితే 98 రాయండి. మార్కులు తగ్గితే తగ్గనీయండి. మన బడిలో ఆ కారణంతో మార్కులు తగ్గించే టీచర్లు అప్పుడు లేరు, ఇప్పుడూ లేరనే నా నమ్మకం.

మా 1986 బ్యాచ్ తరఫున ఆ వాటర్ బాత్‌ను, జల్లెడలను, ఒక తూకం యంత్రాన్ని మన సైన్సు గదికే వదిలి వెళుతున్నాం. వేడి డాంబరు పిల్లలు ముట్టుకోకూడదు. పూత పట్టించిన కంకర ప్రతి ఏడాదీ జూన్‌లో నేనే తెచ్చిస్తాను. నీళ్లలో పెట్టి, 24 గంటల తర్వాత చూసి, ఎంత మిగిలిందో రాయడం మీ పని. పదిమంది చూస్తే పది అంకెలు వస్తాయి. అప్పుడు ఎవరిది ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకోండి. సైన్సంటే ఆ మాట్లాడుకోవడమే.

పదకొండు దాటింది. వాటర్ బాత్ ఆపమని చెప్పి పంపించాను. బీకర్లు చల్లారేదాకా కాస్త ఆగాలి, ఈలోపు టీ తాగుదాం. ఏది కడిగిన రాయో, ఏది కడగని రాయో బీకర్ల మీద రాయలేదు. తర్వాత సారు ముందుగా వచ్చి రెండూ చూసి, తమకు కనబడిన అంకె బోర్డు మీద రాయాలని కోరుతున్నాను. ఆయన తర్వాత, కాలు విరిగిన మా తమ్ముడు రాస్తాడు. ఆ తర్వాత మీరందరూ. నేను చివర్లో రాస్తాను.

సెలవు.